సిసెరో జీవితమున మూడు జప్తులు

ప్రభుత్వము ప్రజల ధనమును పన్ను రూపమున గ్రహించుట యొకటి. శిక్షయను పేర సర్వస్వమును హరించుట వేఱొకటి. పన్నునకు ఒక లెక్క, ఒక గడువు, అందఱకును వర్తించు ఒక నియమము ఉండును. శిక్షగా జరుగు జప్తునకు ముందు నేరారోపణము, విచారణము, తీర్పు అను మూడు మెట్లుండవలెను. ఆ మెట్లను దాటకయే, ఒక పట్టికలో పేరెక్కినంత మాత్రమున మనుష్యుని ఇల్లు, పొలము, పెట్టెలోని రొక్కము వేలమునకు వచ్చిన దినములు రోము చరిత్రలో గలవు. ఆ దినములలో పెరిగి పెద్దవాడై, మరల అట్టి దినములలోనే ప్రాణములు కోల్పోయినవాడు సిసెరో.

లాటిను వచనమునకు ఒరవడి పెట్టిన మహావక్తగా ఇతనిని మన విద్యార్థు లెఱుగుదురు. ఇతని జీవితమును మూడు జప్తుల కథగా కూడ చదువవచ్చును. మొదటిది పరుని ఆస్తి. ఆ జప్తును న్యాయస్థానమున నిలదీసెను. రెండవది తన యిల్లు. దానిని వాదించి మరల పొందెను. మూడవ జప్తు వచ్చునాటికి వాదము వినుటకు న్యాయస్థానమే లేకుండెను.

మార్కస్ టుల్లియస్ సిసెరో క్రీ.పూ. 106 జనవరి 3వ తేదీన రోమునకు ఆగ్నేయమున కొండలనడుమనున్న అర్పీనమను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి అశ్విక వర్గమునకు చెందిన భూస్వామి. కలిమికి కొఱత లేదు గాని ఆ వంశమున ఎవ్వరును రోము నగరమున ఉన్నత పదవి నలంకరించి యుండలేదు. అట్టి యింటినుండి పైకి వచ్చినవానిని రోమనులు క్రొత్తవాడని పిలిచెడివారు. ఆ పిలుపులో కొంత చులకన యుండెడిది. తండ్రి కుమారుల నిద్దఱను చదువుకై రోమునకు తీసికొనివచ్చెను. సిసెరో స్కీవోలా యను వృద్ధ ధర్మవేత్త యింట కూర్చుండి, సలహా కొఱకు వచ్చువారికి ఆయన చెప్పు సమాధానములను వినుచు చట్టము నేర్చెను. గ్రీకు పండితులకడ తత్త్వమును, వక్తృత్వమును అభ్యసించెను.

అతని యౌవనము అంతర్యుద్ధపు నీడలో గడచెను. క్రీ.పూ. 82 నవంబరు 1వ తేదీన రోము నగరపు కొల్లైను ద్వారముకడ జరిగిన పోరాటములో సుల్లా విజయము పొంది నియంత యయ్యెను. విజేత తన శత్రువుల పేర్లను తెల్లని పలకలపై వ్రాయించి నగర మధ్యమునగల ఫోరమను చౌకమున కట్టించెను. ఆ పట్టికలో పేరున్నవానిని ఎవ్వరైనను చంపవచ్చును, చంపినవానికి బహుమానము, ఆశ్రయమిచ్చినవానికి మరణము. హతుని ఆస్తి ప్రభుత్వపరమై బహిరంగ వేలమున అమ్ముడగును. కుమారులును, మనుమలును పదవులకు అనర్హులగుదురు. దీనినంతను చేయుటకు ఒక చట్టమును కూడ పుట్టించిరి. మొదట శత్రువుల పేర్లే యెక్కెను. తరువాత ఇల్లు బాగున్నవారి పేర్లు, తోట బాగున్నవారి పేర్లు కూడ ఎక్కసాగెను. పేర్లు చేర్చుటకు క్రీ.పూ. 81 జూన్ 1వ తేదీ తుదిగడువని ప్రకటింపబడెను.

ఆ గడువు దాటిన కొన్ని నెలలకు, రోము నగరమున ఒక రాత్రి విందునుండి మరలి వచ్చుచున్న సెక్స్టస్ రోషియసను భూస్వామి హత్యచేయబడెను. అతనిది ఉత్తరముననున్న అమీరియా పట్టణము. టైబరు నదీతీరమున చాలవఱకు ఆనుకొనియున్న పదుమూడు పొలములకు అతడు యజమానుడు. వాని విలువ 60 లక్షల సెస్టర్సులు. హత్యజరిగిన రాత్రియే ఒకడు తేలికబండ్లు మార్చుకొనుచు 56 రోమను మైళ్లు పది గంటలలో పరుగెత్తి ఆ వార్తను అమీరియాకు చేర్చెను. ఆ వార్త ముందుగా చేరినది హతుని కుమారునకు గాదు. హతునితో పగగల కాపిటో యను బంధువునకు. నాలుగు దినములలో అది వోలటెర్రే కడనున్న సుల్లా శిబిరమునకు, అచట నియంతకు ఇష్టుడైన క్రిసోగొనసు చెవికి చేరెను. క్రిసోగొనసు ఒకప్పుడు సుల్లాకు దాసుడు. విముక్తి పొంది ప్రభువు నీడలో ప్రబలినవాడు.

చచ్చిపోయినవాని పేరు గడువు దాటిన పిమ్మట పట్టికలో చేరెను. ఆస్తి వేలమునకు వచ్చెను. క్రిసోగొనసు దానిని 2,000 సెస్టర్సులకు కొనెను. అనగా విలువలో మూడువేలవ వంతు! నియంత అనుచరుడు పాడుచుండగా పైపాట పాడు ధైర్య మెవ్వనికి ఉండును? కాపిటోకు మూడు పొలములు ముట్టెను. మాగ్నసను మఱియొక బంధువు మిగిలిన పొలములను క్రిసోగొనసు పక్షమున స్వాధీనపఱచుకొనెను. హతుని కుమారుడు, తండ్రి పేరే గలవాడు, నలువది యేండ్లు దాటిన సేద్యగాడు. తండ్రి అంత్యక్రియలైనను ముగియకముందే ఇంటినుండి గెంటివేయబడెను. అమీరియా పెద్దలు పదిమంది నిజము విన్నవింపుటకు సుల్లా శిబిరమునకు ప్రయాణమైరి. ఆ పదిమందిలో కాపిటో ఒకడు! వారు సుల్లా ముఖమైనను చూడకయే మాయమాటలు నమ్మి మరలిపోయిరి.

కుమారుడు రోమునకు పాఱిపోయి సిసీలియా యను కులీన స్త్రీ యింట తలదాచుకొనెను. అతడు బ్రదికియున్నంతకాలము ఆస్తి ననుభవించువారికి నిద్రలేదు. అందుచే తండ్రిని చంపినవాడు కుమారుడే యని అతనిపై నేరము మోపిరి. పితృహంతకుని తోలుసంచిలో కుట్టి నీటిలో పడవేయుట రోమనుల ఆచారము. పేరొందిన న్యాయవాదులు సానుభూతి చూపుటకు వచ్చిరేగాని వాదించుటకు ముందుకు రాలేదు. ఈ కథను చెప్పవలెనన్న క్రిసోగొనసు పేరెత్తవలెను. ఆ పేరెత్తిన సుల్లా వినును. అప్పుడు, క్రీ.పూ. 80లో, ఇరువదియాఱేండ్ల సిసెరో ఆ వ్యాజ్యమును చేపట్టెను.

అతని వాదపద్ధతి నేటి విద్యార్థి గమనింపదగినది. సుల్లాను అతడు నిందింపలేదు. రాజ్యభారములో మునిగియున్నవానికి అనుచరుని అకృత్యము తెలియకపోయి యుండునని ప్రక్కకు తప్పించెను. పట్టికల చట్టము న్యాయమైనదా యని అడుగలేదు. అడిగినచో అతని పేరే పట్టికలో చేరవచ్చును. అతడు చేసిన దేమనగా, ఆ క్రూరమైన చట్టమునే చేతబట్టి దాని షరతులను ఒక్కొక్కటిగా చదివి చూపుట. చట్టము ప్రకారము అమ్మదగినది రెండు విధములైన ఆస్తి: పట్టికలో నున్నవానిది, శత్రుసేనలో చేరి హతుడైనవానిది. రోషియసు సుల్లా పక్షమువాడు. యుద్ధములో చచ్చినవాడు కాడు. మఱి పట్టికలు జూన్ 1తో ముగిసెను. ఇతడు చచ్చినది అటుపిమ్మట. ఐనచో ఆస్తిని ఏ చట్టము క్రింద అమ్మిరి? ప్రభుత్వపు లెక్కల పుస్తకములలో ఈ అమ్మకము ఎక్కెనా? తేదీ, పేరు, లెక్క, అధికారము — ఈ నాలుగు ప్రశ్నల ముందు జప్తు ఒట్టి దోపిడిగా తేలిపోయెను. తండ్రి మరణమువలన లాభపడినదెవ్వరు, నష్టపడినదెవ్వరు అను విచారణతో హత్యానేరము కూడ కుమారునిమీదినుండి జాఱిపోయెను.

న్యాయసభ రోషియసును నిర్దోషిగా విడిచిపెట్టెను. ఐనను ఈ విజయమునకు గల హద్దును మఱువరాదు. తన కక్షిదారుడు ఆస్తిని కోరుటలేదనియు, కట్టుబట్టలతోనైనను ప్రాణము దక్కిన చాలునని వేడుచున్నాడనియు సిసెరో ఆ సభలోనే చెప్పవలసివచ్చెను. పొలములను అడిగిన ప్రాణము పోవును. పొలములను విడిచిన ప్రాణము దక్కును. నియంత పాలనలో వకీలు సాధింపగలిగిన దంతయే.

మఱుసటి సంవత్సరము సిసెరో రోము విడిచి గ్రీసునకును ఆసియాకును వెళ్లెను. ఆరోగ్యము కొఱకని అతడు వ్రాసికొనెను. సుల్లా భయమువలననని ప్లూటార్కు చెప్పెను. సుల్లా మరణానంతరము మరలి వచ్చి పదవుల మెట్లెక్క నారంభించెను. క్రీ.పూ. 75లో సిసిలీ ద్వీపమున కోశాధికారిగా పనిచేసి అచటి ప్రజల విశ్వాసమును చూఱగొనెను. ఆ పరిచయమే ఐదేండ్ల పిమ్మట మఱియొక పెద్ద వ్యాజ్యమునకు కారణమయ్యెను.

క్రీ.పూ. 73 మొదలు 71 వఱకు సిసిలీని పాలించిన వెర్రిసు అధికారమునే దోపిడి సాధనముగా మార్చుకొనెను. అబద్ధపు ఫిర్యాదులు పెట్టించి వారసత్వములను హరించెను. రైతుల ధాన్యమును లాగికొనెను. దేవాలయములలోని శిల్పములను పెకలించెను. మెస్సానా నగరమున హీయసను గృహస్థుని పూజామందిరమునుండి మేటి శిల్పుల విగ్రహములను తీసికొని, వానిని 6,500 సెస్టర్సులకు కొంటినని లెక్క వ్రాయించెను. అధికారి కొందునన్నచో కాదనగల ప్రజ యెవ్వడు? సిసెరో సాక్ష్యముల సేకరణకు 110 దినముల గడువు పొంది, సిసిలీ అంతటను తిరిగి 50 దినములలోనే ఆ పని ముగించెను. ప్రతివాది పక్షమున నిలిచినవాడు ఆనాటి వక్తలలో అగ్రగణ్యుడైన హార్టెన్షియసు. క్రీ.పూ. 70 ఆగస్టులో విచారణ మొదలయ్యెను. సిసెరో దీర్ఘోపన్యాసము మాని సాక్షులను, లెక్క పుస్తకములను సభ ముందు నిలిపెను. వెర్రిసు తీర్పు రాకముందే నగరము విడిచి మస్సీలియాకు పోయెను.

క్రీ.పూ. 63లో సిసెరో రాజ్యమున అత్యున్నతమైన కాన్సలు పదవి నందెను. అతని కీర్తికి శిఖరము ఆ సంవత్సరమే. అతని లోపమునకు సాక్ష్యమును ఆ సంవత్సరమే. సుల్లా పట్టికలలో చేరినవారి కుమారులు తమకు పదవీయోగ్యత మరల నీయవలెనని కోరిరి. రోషియసు కొఱకు వాదించినవాడు ఈ కోర్కెను సమర్థించునని మన మనుకొందుము. సిసెరో దాని నెదిరించెను. రాజ్యము అల్లకల్లోలముగా నున్నదనియు, వారికి పదవులిచ్చిన కలత హెచ్చుననియు అతని భయము. వారి హక్కు పదునాలుగేండ్ల పిమ్మట, క్రీ.పూ. 49లో, సీజరు చేతిమీదుగా లభించెను.

అదే సంవత్సరము కాటిలైను కుట్ర బయటపడెను. పట్టుబడిన ఐదుగురు ప్రముఖులను ఏమి చేయవలెనను చర్చ సెనేటులో జరిగెను. డిసెంబరు 5వ తేదీన, న్యాయస్థాన విచారణ లేకయే, సిసెరో వారిని చెఱసాలలో ఉరితీయించెను. రాజ్యము ఆపదలో నున్నదని అతడు నమ్మెను. సెనేటు అతనిని సమర్థించెను. ప్రజలు దేశరక్షకుడని కొనియాడిరి. ఐనను రోమను పౌరుని ప్రాణము ప్రజల తీర్పు లేక తీయరాదను నియమము అచట తెగిపోయెను. సుల్లా చట్టమునకు తేదీ యేది, అధికార మేది యని ప్రశ్నించినవాడు ఆ దినమున ఆ ప్రశ్నను తనకు వేసికొనలేదు.

దానిని క్లోడియసు వేసెను. సిసెరోపై స్వంత పగగల ఈ కులీన యువకుడు సామాన్య కుటుంబమునకు దత్తుపోయి క్రీ.పూ. 58లో ట్రిబ్యూను పదవి సంపాదించెను. విచారణ లేక పౌరుని చంపించినవానికి నిప్పును, నీరును నిషేధించు శాసనము తెచ్చెను. సిసెరో మార్చిలో నగరము విడిచెను. పిమ్మట అతని పేరే పెట్టి రెండవ శాసనము వచ్చెను: సిసెరో బహిష్కృతుడు, అతని ఆస్తి ప్రభుత్వపరము. పలటైను గుట్టమీద 35 లక్షల సెస్టర్సులకు అతడు కొనిన ఇల్లు తగులబడెను, నేలమట్టమయ్యెను. టస్కులము, ఫార్మియే గ్రామములలోని తోటయిండ్లు దోచబడెను. పాలరాతి స్తంభములను ప్రజలు చూచుచుండగా ఒక కాన్సలు అత్తగారింటికి మోసికొనిపోయిరి. రెండవ కాన్సలు పొరుగుననే యుండుటచే తోటలోని చెట్లను సైతము పెకలించి తన పొలమునకు చేర్చుకొనెను. పలటైను స్థలము వేలమునకు రాగా క్లోడియసు ఒక నిరుపేద పేరిట బినామీగా కొనెను. మరల ఎవ్వరును అడుగకుండుటకై అందులో కొంతభాగమున స్వాతంత్ర్యదేవతకు మందిరము కట్టి ప్రతిష్ఠ చేసెను. దేవునిదైన స్థలమును మనుష్యునకు తిరిగి ఇచ్చుట యెట్లు?

ప్రవాసమున, థెస్సలొనికాలో, సిసెరో ధైర్యము పూర్తిగా సన్నగిల్లెను. ఆ దినములలో అతడు మిత్రులకు వ్రాసిన లేఖలు కన్నీటి లేఖలు. భార్య టెరెన్షియా మాత్రము నగరముననే నిలిచి భర్తను రప్పించుటకు పాటుపడెను. ఆమె ఆస్తి వేఱు గనుక జప్తు కాలేదు. దానిని అమ్మి ఇల్లు గడుపుదునని ఆమె వ్రాయగా, కుమారుని భవిష్యత్తునకు అదియే మిగిలినదనియు, అమ్మవలదనియు సిసెరో బ్రతిమాలెను. జప్తు యజమానునితో ఆగదు. ఇంటిలోని బిడ్డల భోజనపాత్రవఱకు పోవును.

క్రీ.పూ. 57 ఆగస్టు 4వ తేదీన ప్రజాసభ అతనిని మరల పిలిచెను. సెప్టెంబరు 4న రోము ప్రవేశించెను. ఇక మిగిలినది ఇంటి వ్యాజ్యము. సెప్టెంబరు 29వ తేదీన, దేవకార్యముల నిర్ణయించు అర్చక మండలి యెదుట సిసెరో తన కొఱకు తానే వాదించెను. ఇరువదిమూడేండ్ల నాటి పద్ధతియే అచట మరల కనబడును. ఒక్క మనుష్యుని పేరు పెట్టి శాసనము చేయరాదని పండ్రెండు ఫలకముల ప్రాచీన ధర్మము చెప్పుచున్నది. విచారణ జరిగినదా? లేదు. పౌరుని సర్వస్వమును హరించు అధికారము గల సభ తీర్పు చెప్పినదా? లేదు. క్లోడియసు దత్తతయే చెల్లనిదైనచో అతని పదవి చెల్లునా? దేవతాప్రతిష్ఠ చేయువానిని ప్రజలు పేరు పెట్టి నియమింపవలెను. క్లోడియసు నెవ్వరు నియమించిరి? ఆ ప్రతిష్ఠకు వచ్చిన అర్చకుడు ఒక్కడు. పదవికి క్రొత్త, క్లోడియసునకు బావమఱది.

అర్చక మండలి చివరి అంశమును పట్టుకొని తీర్పు చెప్పెను: ప్రతిష్ఠించినవానికి ప్రజల ప్రత్యేకాజ్ఞ లేకయుండినచో, స్థలమును తిరిగి ఇచ్చుట దైవద్రోహము కాదు. సెనేటు స్థలమును మరల నిచ్చి నష్టపరిహారము నిర్ణయింపజేసెను. నగరములోని ఇంటికి 20 లక్షలు, టస్కులము ఇంటికి 5 లక్షలు, ఫార్మియే ఇంటికి 2½ లక్షల సెస్టర్సులు. మొత్తము మిక్కిలి తక్కువయని సిసెరో బాధపడెను. నవంబరు 3వ తేదీన క్లోడియసు మనుష్యులు ఆయుధములతో వచ్చి ఇల్లు కట్టుచున్న కూలీలను తఱిమిరి. తీర్పు పొందుట యొకటి, గోడ నిలుచుట మఱియొకటి. ఐనను తుదకు ఇల్లు లేచెను.

అటుపిమ్మట అంతర్యుద్ధము వచ్చెను, సీజరు గెలిచెను, క్రీ.పూ. 44 మార్చి 15న హతుడయ్యెను. ఆ సంవత్సరము చివర సిసెరో ఏథెన్సులో చదువుకొనుచున్న కుమారునికై ధర్మములను గూర్చి యొక గ్రంథము వ్రాసెను. మనుష్యులు రాజ్యములుగా కూడినది తమతమ సొత్తులు భద్రముగా నుండుటకేయని అందు చెప్పెను. ఒకరికడ హరించి వేఱొకరికి పంచుటను ఖండించి, గ్రీకు నాయకుడైన అరాటసు నుదాహరించెను. సిసియాను నగరమున ఏబదియేండ్ల క్రిందట ఆస్తులు కోల్పోయిన ప్రవాసులు 600 మంది మరలి రాగా, అరాటసు నడుమ కొన్నవారిని వెడలగొట్టలేదు, అసలు యజమానులను ఊరకుంచలేదు. ఐగుప్తు రాజు నడిగి ధనము తెచ్చి, ఒక్కొక్క ఆస్తికి వెల కట్టించి ఇరువురను సమాధానపఱచెను. అన్యాయమును మఱియొక అన్యాయముతో గాక లెక్కతో సవరింపవలెనన్నది సిసెరో తన వృద్ధాప్యమున కుమారునకు చూపిన మార్గము.

ఆ యేడే ఆంటొనీ నెదిరించి సిసెరో తన తుది ఉపన్యాసములను ప్రారంభించెను. క్రీ.పూ. 43 నవంబరులో ఆంటొనీ, ఆక్టేవియను, లెపిడసు ఏకమై రాజ్యమును పంచుకొనిరి. వారికి పగ తీర్చుకొనవలెను. అంతకుమించి సేనలకు జీతములీయవలెను. సుల్లా పట్టికలు మరల చౌకమునకు ఎక్కెను. సెనేటరులు సుమారు 300 మంది, అశ్వికులు 2,000 మంది అందు చేరిరని అప్పియను వ్రాసెను. సిసెరో పేరును, సోదరుని పేరును, సోదరుని కుమారుని పేరును అందుండెను. తేదీ యేది, అధికార మేది యని అడుగుటకు ఈమాఱు న్యాయసభ లేదు. డిసెంబరు 7వ తేదీన ఫార్మియే సమీపమున, పల్లకిలో సముద్రమువైపు పోవుచుండగా, సైనికులు అతనిని కలిసికొని శిరస్సును ఖండించిరి. వారి నాయకులలో ఒకడు, పితృహత్యానేరము నుండి ఒకప్పుడు సిసెరోయే కాపాడిన పోపిలియసని ప్లూటార్కు వ్రాసెను. శిరస్సును, వ్రాసిన చేతిని ఏ వేదికనుండి అతడు ప్రసంగించెడివాడో ఆ వేదికమీదనే కట్టిరి. అప్పటికి సిసెరో వయస్సు అఱువదిమూడు.

ఈ కథకు ఒక చిన్న శేషము గలదు. హతుల ఆస్తులకు కొనువారు చాలినంతమంది రాకపోగా, క్రీ.పూ. 42లో ఆ మువ్వురు నాయకులు 1,400 మంది ధనిక స్త్రీలు తమ ఆస్తుల విలువ చెప్పి యుద్ధమునకు ధనమీయవలెనని శాసించిరి. వారి పక్షమున వాదించుటకు ఒక్క పురుషుడును సాహసింపలేదు. అప్పుడు ఒక స్త్రీయే ఫోరము చౌకమునకు నడచివచ్చి, అధికార పీఠముల యెదుట నిలిచి, ఓటు లేని తమకు ఈ యుద్ధములతో ప్రమేయమేమని ప్రశ్నించెను. మఱునాడు ఆ సంఖ్య 1,400 నుండి 400కు తగ్గింపబడెను. ఆమె పేరు హార్టెన్షియా. వెర్రిసు వ్యాజ్యములో సిసెరోకు ఎదురు నిలిచిన హార్టెన్షియసు కుమార్తె. సిసెరో చేయి వ్రేలాడిన ఆ చౌకముననే, అతడు వేసిన ప్రశ్న ప్రత్యర్థి యింటి ఆడపడుచు నోట మరల పలికెను.